దెబ్బలు తగిలిన పిల్లాడు పెద్దల క్యాజువాలిటీకి వస్తే: పిల్లల సర్జన్ లేని చోట ఏం చేయాలి, ఏం చేయకూడదు

మన జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, హైవే పక్కన ట్రామా బోర్డు పెట్టుకున్న నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల పిల్లల సర్జన్ ఉండడు. ఒక జనరల్ సర్జన్, ఒక ఎముకల డాక్టరు, పిలిస్తే వచ్చే మత్తు డాక్టరు, అంతే. కానీ నాన్న బైకు ట్యాంకు మీద కూర్చుని ఎగిరిపడ్డ నాలుగేళ్ల పిల్ల, సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ డాబా మీంచి జారిన పదేళ్ల పిల్లాడు నేరుగా హైదరాబాద్ నీలోఫర్‌కో విశాఖ కేజీహెచ్‌కో పోరు కదా, ముందు మన దగ్గరకే వస్తారు. ఆ మొదటి రెండు మూడు గంటల గురించే ఇది. హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్లు, కొత్తగా చేరిన సర్జన్లు, క్యాజువాలిటీ సిస్టర్లు, మీ కోసం రాస్తున్నాను. అమ్మానాన్నలు చదివినా మంచిదే, కాకపోతే ఇందులో మోతాదులు చూసి ఇంట్లో ఏదీ చేయకండి.

నేనూ పిల్లల సర్జన్‌ని కాను, పెద్దల సర్జరీ చేసేవాణ్ణే. ఇన్నేళ్ల డ్యూటీల్లో నాకు అర్థమైంది ఇది: పిల్లాడికి రక్తం ఎక్కించే విషయంలో మనం ఆలస్యం చేస్తాం, కడుపు తెరిచే విషయంలో తొందరపడతాం. రెండూ పెద్దవాళ్ల మీద నేర్చుకున్న అలవాట్లే. కింద చెప్పేదంతా ఈ రెండు అలవాట్లు మార్చుకోవడానికే.

పిల్లాడు రాకముందు: ఒక డబ్బా

ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొనండి. దాని మీద "పిల్లలు" అని రాసి క్యాజువాలిటీలో ఎర్ర ట్రాలీ పక్కనే పెట్టండి, తాళం వేయకండి. ఒకసారి మేము పనిచేసిన చోట గొంతులోకి చూసే చిన్న లారింగోస్కోప్ బ్లేడు ఉంది, లేక కాదు, కానీ అది పిల్లల వార్డు అల్మరాలో ఉంది, తాళంచెవి ఉన్న సిస్టర్ డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయింది. వార్డు బాయ్ బండి మీద వెళ్లి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు. అంతసేపూ నేను ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ కూర్చున్నాను.

డబ్బాలో ఉండాల్సినవి: 3 నుంచి 6 దాకా ఎండోట్రేకియల్ (ఊపిరిగొట్టంలో వేసే) ట్యూబులు, చిన్న బ్లేడ్లు, పిల్లల అంబూ బ్యాగు, రెండు మూడు సైజుల మాస్కులు, 22, 24 నంబరు కాన్యులాలు (నరంలో పెట్టే సన్నగొట్టాలు), ఎముకలోకి డ్రిప్ పెట్టే సూది, 50 మి.లీ. సిరంజీలు, త్రీవే (మూడు దారుల కుళాయి), మైక్రో డ్రిప్ సెట్లు, 8, 10 నంబరు రైల్స్ ట్యూబులు (ముక్కులోంచి కడుపులోకి వేసేవి), ఫోలీలు (మూత్రానికి వేసేవి), 16, 20, 24 ఛాతీ ట్యూబులు, రెండు సైజుల పిల్లల బీపీ కఫ్‌లు, షుగర్ స్ట్రిప్పులు. థియేటర్ కోసం, కరెంటుతో రక్తం ఆపే కాటరీకి పిల్లల ప్లేటు. ప్రతి సోమవారం ఒకే సిస్టర్ దాన్ని తెరిచి చూడాలి, అందరి బాధ్యత అంటే ఎవరూ చూడరు. అమెరికాలో పెద్దల ట్రామా సెంటర్లకు గుర్తింపు ఇచ్చే 2022 నాటి ప్రమాణాల్లో, పిల్లల కోసం మీ ఎమర్జెన్సీ ఎంత సిద్ధంగా ఉందో లెక్క చూసుకోవాలన్న షరతు కూడా పెట్టారు. అక్కడా ఇదే సమస్య అన్నమాట, పిల్లలు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే వస్తారు.

స్ట్రెచర్ దించగానే: బరువు

పెద్దవాళ్లకు మనం బరువు అడగం, అందరికీ ఒక గ్రాము, ఒక ఆంప్యూల్, ఒక బాటిల్. పిల్లల దగ్గర బరువు తెలియకుండా మొదలుపెట్టిన ప్రతి పనీ అంచనా పనే. "అమ్మా, పాప బరువెంత?" అని తల్లినే అడగండి, అంగన్‌వాడీలో తూచి ఉంటారు, చాలామందికి గుర్తుంటుంది. తెలియకపోతే మనం ఎంబీబీఎస్‌లో బట్టీ పట్టిన లెక్కే: ఏడాది నుంచి ఆరేళ్ల దాకా వయసును రెండుతో గుణించి 8 కలపండి, ఏడు నుంచి పన్నెండేళ్ల దాకా వయసును 7తో గుణించి 5 తీసేసి సగం చేయండి. నాలుగేళ్ల పిల్ల 16 కేజీలు, ఎనిమిదేళ్ల వాడు ఇంచుమించు 25. పొడవు కొలిచి బరువు చెప్పే రంగుల టేపు ఉంటే వాడండి, కానీ మన పిల్లలు కాస్త సన్నం కాబట్టి అది ఎక్కువ చెప్పే అవకాశం ఉంది, పిల్లాణ్ణి ఒకసారి కళ్లారా చూసుకోండి.

ఆ అంకెను మార్కరుతో పెద్దగా ప్లాస్టరు ముక్క మీద రాసి పిల్లాడి మంచానికి అంటించండి. మందు తీసేవాళ్లు, డ్రిప్ పెట్టేవాళ్లు, ఫోన్లో మత్తు డాక్టరుతో మాట్లాడేవాళ్లు అందరూ ఆ అంకె చూసే మాట్లాడాలి. టెన్షన్లో గుణకారం తప్పుతుంది, నాకూ తప్పింది, అందుకే గోడ మీద 5, 10, 15, 20, 25, 30 కేజీల వారీగా పట్టిక కట్టించాను.

ఊపిరి

పిల్లల తల వెనక భాగం పెద్దది. బల్లపరుపు స్ట్రెచర్ మీద పడుకోబెడితే మెడ ముందుకు వంగి ఊపిరిదారి మూసుకుంటుంది. చిన్నపిల్లలకు భుజాల నుంచి నడుము దాకా కింద మడతపెట్టిన దుప్పటి వేయండి, ముఖం సమంగా పైకి చూస్తుంది, మెడ కూడా కదలకుండా నిలుస్తుంది. గురకలాంటి శబ్దం సగం కేసుల్లో దీంతోనే ఆగిపోతుంది.

ట్యూబు వేయాల్సి వస్తే సైజు: వయసును 4తో భాగించి 3.5 కలిపితే కఫ్ ఉన్న ట్యూబు, 4 కలిపితే కఫ్ లేనిది. లోపలికి ఎంత అంటే, ట్యూబు సైజుకు మూడు రెట్ల సెంటీమీటర్లు. నాలుగేళ్ల పిల్లకు 4.5 ట్యూబు, 13.5 దగ్గర కట్టు. అదే సైజును రెట్టింపు చేస్తే రైల్స్ ట్యూబు, ఫోలీ నంబరు దాదాపు వచ్చేస్తుంది, నాలుగు రెట్లు చేస్తే ఛాతీ ట్యూబు. ఒక్క అంకె గుర్తుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ట్యూబు వేశాక స్ట్రెచర్ మీంచి మార్చిన ప్రతిసారీ ఛాతీ రెండువైపులా వినండి, పిల్లల గొంతు పొట్టి కాబట్టి ట్యూబు కుడి ఊపిరితిత్తిలోకి జారడానికి ఒక సెంటీమీటరు చాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు గొంతు దగ్గర కోసి దారి చేయకండి, అంత అవసరం పడితే సూదితోనే.

పక్కటెముక విరగలేదు కాబట్టి ఛాతీ బాగుంది అనుకోవద్దు. పిల్లల పక్కటెముకలు పచ్చి వెదురు బద్దల్లా వంగుతాయి, విరగవు, లోపల ఊపిరితిత్తి మాత్రం నలుగుతుంది. నిజంగానే ఎముక విరిగి ఉంటే ఎంత గట్టి దెబ్బో ఆలోచించండి.

రక్తం: ఇక్కడే మనం మోసపోతాం

ఐదేళ్ల పాప. ఆటో తిరగబడింది. స్ట్రెచర్ మీద లేచి కూర్చుని నీళ్లు అడిగింది. బీపీ 100/70. కేస్ షీట్లో "వైటల్స్ స్టేబుల్" అని రాశారు. పల్స్ 156 అని కూడా అదే షీట్లో, కింద లైన్లోనే ఉంది, ఏడుస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. నేను వెళ్లి పాదం పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. బొటనవేలు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. అప్పటికే సీటీకి తీసుకెళ్లమని రాసేశారు. సీటీ గదిలోకి తోసే లోపే పాప అడగడం మానేసి ఊరుకుంది. పిల్లలు అలా ఊరుకోవడం అన్నిటికన్నా భయపడాల్సిన లక్షణం.

పెద్దవాళ్లు రక్తం పోతుంటే మెల్లగా దిగుతారు, మనకు చూసుకోవడానికి టైముంటుంది. పిల్లల రక్తనాళాలు గట్టిగా బిగుసుకుని, గుండె వేగం పెంచుకుని, ఒంట్లో రక్తం 30 శాతం దాకా పోయినా బీపీని నిలబెడతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. కాబట్టి పిల్లల్లో బీపీ పడిపోవడం అంటే ఆఖరి గంట మోగినట్టే. చూడాల్సింది పల్స్, చేతులు కాళ్ల చల్లదనం, గోరు నొక్కితే రంగు తిరిగి వచ్చే టైము (2 సెకన్లు దాటకూడదు), మూత్రం, తల్లిని గుర్తుపడుతోందా లేదా. పల్స్‌కు నా లెక్క: ఏడాది లోపు 160, మూడేళ్ల దాకా 150, ఆరేళ్ల దాకా 140, పన్నెండేళ్ల దాకా 120 దాటితే, ఏడుపు ఆగాక మళ్లీ చూడాలి. అప్పుడూ దిగకపోతే రక్తం పోతోందనే అనుకోవాలి. బీపీకి కింది హద్దు 70కి వయసు రెండింతలు కలిపితే వచ్చేది, ఐదేళ్లకు 80. పెద్దల కఫ్ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అది చూసి కంగారుపడటం, అసలు సమస్య ఉన్నప్పుడు కఫ్ పెద్దది కదా అని తోసిపుచ్చడం, రెండూ చూశాను.

ఎంత రక్తం ఉంటుందో కూడా కళ్లముందు పెట్టుకోండి. కేజీకి 70 నుంచి 80 మి.లీ. నాలుగేళ్ల పిల్ల ఒంట్లో ఉన్న మొత్తం రక్తం ఒక లీటరు నీళ్ల సీసా కంటే కాస్త ఎక్కువ. తల మీద చిట్లిన గాయం నుంచి దిండు, తల్లి చీర కొంగు తడిసేంత పోయిందంటే అది చిన్న విషయం కాదు. కుట్టడం తర్వాత అనొద్దు, ముందు గట్టిగా ఒత్తి పట్టుకోమని ఒకరిని నిలబెట్టండి.

ఇక చేయాల్సింది. రెండు చేతులకు రెండు కాన్యులాలు. రెండుసార్లు ప్రయత్నించినా, లేదా నిమిషంన్నరలో దొరక్కపోయినా, నరం కోసం గుచ్చుతూ కూర్చోకండి, మోకాలి కింద బుడిపె నుంచి ఒక వేలు కిందికి, లోపలి వైపు చదునుగా ఉన్న ఎముకలోకి సూది దించండి. ఆ కాలు విరిగి ఉంటే రెండో కాలు. మొదటిసారి భయమేస్తుంది, టక్కుమని లోపలికి దిగినట్టు చేతికి తెలిశాక ఇంకెప్పుడూ భయం ఉండదు. వచ్చే సెలైను, మందులు, రక్తం అన్నీ అందులోంచే పోతాయి. ఒక రోజు లోపల తీసేయండి.

బాటిల్ తగిలించి డ్రిప్ వదలొద్దు. పది కేజీల పిల్లాడికి 500 మి.లీ. బాటిల్ తెలియకుండా అయిపోయిందంటే కేజీకి 50 మి.లీ. పోసినట్టు, అది వైద్యం కాదు. వెచ్చటి రింగర్ లాక్టేట్ కేజీకి 20 మి.లీ. చొప్పున, 50 సిరంజీ, త్రీవేతో మీరే లాగి తోయండి. ఎంత పోయిందో సిరంజీల లెక్కలో తెలుస్తుంది. ఒక్కసారి. పల్స్ దిగిందా, పాదం వెచ్చబడిందా? లేదా, దిగి మళ్లీ ఎగబాకిందా? అయితే రెండో బాటిల్ వైపు చూడకండి, రక్తం పెట్టండి, కేజీకి 10 మి.లీ. ఆ ఐదేళ్ల పాపకు 18 కేజీలనుకుంటే సెలైను 360, రక్తం 180. బ్లడ్ బ్యాంకుకు ఫోను ఆ 360 మొదలుపెట్టేటప్పుడే చేయాలి, అయిపోయాక కాదు, రాత్రిపూట మన బ్లడ్ బ్యాంకుల సంగతి మీకు తెలిసిందే. ఇంకా పోతూనే ఉంటే ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా అడగండి. దెబ్బ తగిలి మూడు గంటలు దాటకపోతే ట్రానెక్సమిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) కేజీకి 15 మి.గ్రా., ఎంత బరువున్నా 1 గ్రాము మించకుండా. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) బాటిల్ బోలస్‌గా, అంటే ఇలా ఒక్కసారిగా తోసే మోతాదుగా, వద్దే వద్దు.

చిన్నవే, కానీ మర్చిపోతాం

ఏడ్చి ఏడ్చి పిల్లలు గాలి మింగేస్తారు. పొట్ట డప్పులా ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు, కడుపు గట్టిగా ఉందని మనం పెరిటొనైటిస్ (కడుపులోపలి పొర వాపు) అనుకుంటాం. రైల్స్ ట్యూబు వేసి గాలి తీశాక కడుపు మళ్లీ నొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ముక్కులోంచి, చెవిలోంచి నీళ్లలా కారుతుంటే నోట్లోంచి వేయండి. ఏసీ ఆపేయండి, తలతో సహా కప్పండి, పిల్లాడు చల్లబడితే రక్తం గడ్డకట్టదు. షుగర్ చూడండి. నొప్పి మందు ఇస్తే కడుపు నొప్పి కనిపించకుండా పోతుందన్నది పాత మాట, పారాసెటమాల్ కేజీకి 15 మి.గ్రా., అవసరమైతే మార్ఫిన్ కేజీకి 0.1 మి.గ్రా. ఇస్తే పిల్లాడు శాంతించి పరీక్ష ఇంకా బాగా చేయనిస్తాడు. తల్లిని బయటికి పంపకండి. తల్లి చెయ్యి పట్టుకుని ఉంటే సగం పరీక్ష అయిపోయినట్టే.

స్కాను

పెద్దవాళ్లకు తల నుంచి తొడల దాకా ఒక్కసారే సీటీ రాసేస్తాం. పిల్లలకు ఆ అలవాటు వద్దు, రేడియేషన్ వాళ్ల మీద ఎక్కువ పనిచేస్తుంది, బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ. ఏ భాగం మీద అనుమానమో ఆ భాగమే, కడుపుకు కాంట్రాస్ట్‌తో ఒకే ఫేజ్, మిషన్‌లో పిల్లల సెట్టింగు పెట్టమని టెక్నీషియన్‌కు నోటితో చెప్పండి. షాక్‌లో ఉన్న పిల్లాణ్ణి సీటీకి పంపకండి, ఇది రెండుసార్లు చదవండి.

తల సీటీ ఎవరికి అక్కర్లేదో అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లలను చూసి 2009లో ఒక నియమం తేల్చారు. రెండేళ్లు దాటిన పిల్లాడు మామూలుగా మాట్లాడుతుంటే, స్పృహ తప్పలేదు, వాంతి లేదు, తలనొప్పి విపరీతంగా లేదు, పుర్రె అడుగు విరిగిన గుర్తులు (కళ్ల చుట్టూ, చెవి వెనక నల్లదనం) లేవు, పడిన తీరు కూడా భయంకరంగా లేదు అంటే సీటీ అక్కర్లేదు. ఒకటి రెండు ఉంటే నాలుగైదు గంటలు కళ్ల ముందు పెట్టుకుని చూడొచ్చు. రెండేళ్ల లోపు వాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త: నుదురు కాకుండా తల పక్కన, వెనక బొప్పి మెత్తగా ఉంటే, పుర్రె చేతికి విరిగినట్టు తగిలితే, "మా బాబు మామూలుగా లేడు" అని తల్లి అంటే, తేలిగ్గా తీసుకోవద్దు. ఆ నియమంలో తల్లి మాట నిజంగానే ఒక అంశం.

స్ప్లీన్ చిట్లింది అని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు చేతులు కట్టుకోండి

కడుపు దెబ్బల్లో పిల్లలకు ఎక్కువగా చిట్లేది స్ప్లీన్ (ప్లీహం), లివర్. రిపోర్టులో గ్రేడ్ 4 అని (5 అంటే అన్నిటికన్నా తీవ్రం), కడుపులో రక్తం ఉందని చూడగానే మన చేతులు థియేటర్ వైపు లాగుతాయి. పెద్దవాళ్ల సర్జన్ల దగ్గర పిల్లలకు స్ప్లీన్ తీసేయడం ఎక్కువ, పిల్లల సర్జన్ల దగ్గర తక్కువ అన్నది ఎన్నో చోట్ల చూసిన విషయమే, అదే దెబ్బ, అదే గ్రేడు, తేడా అల్లా ఎవరి చేతిలో పడ్డాడన్నదే.

కోయకుండా చూడొచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. టొరంటో పిల్లల ఆసుపత్రి నుంచి ఉపాధ్యాయ, సింప్సన్ 1968లో స్ప్లీన్ దెబ్బల మీద రాశారు, తెరవకపోయినా పిల్లల్లో రక్తం దానంతట అదే ఆగుతుందని గట్టిగా చూపించిన తొలి రాతల్లో అదొకటి. ఆ ఉపాధ్యాయ మనవాడే, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సర్జరీ ప్రొఫెసర్. మనదేశపు సర్జన్ చెప్పిన మాటను మన జిల్లాల్లోనే మనం పాటించకపోవడం కొంచెం సిగ్గనిపిస్తుంది నాకు. దానికంటే ముందే, 1952లో, స్ప్లీన్ తీసేసిన ఐదుగురు పసిపిల్లలకు తర్వాత తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చాయని కింగ్, షుమాకర్ రాశారు. స్ప్లీన్ లేకపోయినా బతికేస్తారన్నది నిజమే, కానీ ఏ రోజు జ్వరం వచ్చినా ప్రాణం మీదికి వచ్చేలా బతుకుతారు.

కాబట్టి నిర్ణయం గ్రేడును బట్టి కాదు, పిల్లాణ్ణి బట్టి. మొదటి బోలస్ తర్వాత పల్స్ దిగి అక్కడే ఉంటే, పాదాలు వెచ్చగా ఉంటే, గ్రేడ్ 4 అయినా 5 అయినా కత్తి ముట్టుకోకండి. ఫాస్ట్ స్కానులో (మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్) రక్తం కనిపించినంత మాత్రాన, సీటీలో కాంట్రాస్ట్ కొంచెం బయటికి మెరిసినంత మాత్రాన ఆపరేషన్ కాదు. మంచం దగ్గర మానిటరు, ఆరు గంటలకోసారి హిమోగ్లోబిన్, నోటికి ఏమీ ఇవ్వకుండా మొదటి రాత్రి, గ్రూపు రక్తం సిద్ధంగా. గంటకోసారి కడుపు ఒకే డాక్టరు నొక్కి చూడాలి, షిఫ్టు మారితే ఇద్దరూ కలిసి చూసి అప్పగించుకోవాలి. ఇలా చూస్తే పదిమందిలో తొమ్మిదికి పైగా పిల్లలు కోత లేకుండా ఇంటికెళ్తారు. పాత పుస్తకాల్లోలా గ్రేడును బట్టి ఇన్ని రోజులు మంచం దిగొద్దు అన్న లెక్కా ఇప్పుడు అక్కర్లేదు, నిలకడగా ఉంటే మర్నాడే లేచి తిరగనివ్వొచ్చు.

దీనికి ఒక షరతు ఉంది. రాత్రంతా చూసే మనిషి, పిలిస్తే వచ్చే మత్తు డాక్టరు, దొరికే రక్తం, ఈ మూడూ ఉన్నచోటే కోయకుండా చూడటం. ఇవి లేకపోతే పిల్లాడు నిలకడగా ఉన్నప్పుడే పంపేయండి.

తెరవాల్సిందే అనుకున్నప్పుడు

కేజీకి 40 మి.లీ. రక్తం ఎక్కించినా నిలబడకపోతే, పేగు చిట్లి గాలి బయటికొస్తే, కడుపు చెక్కలా బిగుసుకుంటే, డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకూ మధ్య కండరం) చిరిగితే, గుచ్చుకున్న గాయంలోంచి పేగు బయటికొస్తే, ఆలోచించేదేం లేదు. సైకిల్ హ్యాండిల్ గుచ్చుకుని పొట్ట మీద గుండ్రటి కమిలిన మచ్చ ఉన్నవాడి మీద, కారు బెల్టు గీత పొట్టకు అడ్డంగా పడ్డవాడి మీద ఒక కన్నేసి ఉంచండి, మొదటి రోజు సీటీ బాగున్నా పేగు, పాంక్రియాస్ దెబ్బలు రెండో రోజు బయటపడతాయి. పచ్చగా వాంతులు మొదలైతే డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) గోడలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అది చాలావరకు రైల్స్ ట్యూబు, నరం ద్వారా పోషణతోనే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది.

థియేటర్లో మీరు చేసే ఆపరేషన్ అదే, కొలతలే వేరు. నిలువు కోత చాలు. కోసే ముందే థియేటర్ వేడెక్కాలి, మనకు చెమటలు పట్టాలి. కడిగే సెలైను వెచ్చగా ఉండాలి. సక్షన్ సీసాలో అంకె కన్నా మాపులు (రక్తం పీల్చే గుడ్డలు) తూచడం మేలు, తడిసిన మాపు బరువులోంచి పొడి బరువు తీసేస్తే ఒక గ్రాము ఒక మి.లీ. రక్తం, వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం చాలు. సిస్టర్ "సార్, 140 అయింది" అని గట్టిగా చెబుతుంటే మత్తు డాక్టరు చేతిలో లెక్క ఉంటుంది. స్ప్లీన్ ఎంత మిగిల్చగలిగితే అంత మిగల్చండి. పిల్లాడు చల్లబడి రక్తం గడ్డకట్టకుండా కారుతుంటే మాపులు పెట్టి తాత్కాలికంగా మూసి బయటికి రండి, రేపు మళ్లీ తెరవొచ్చు. స్ప్లీన్ తీసేయక తప్పకపోతే రెండు వారాల తర్వాత న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు, కొన్నేళ్లు పెన్సిలిన్, జ్వరమొస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి రావాలని తెలుగులో రాసిన కార్డు. ఆ కార్డు ఇవ్వకపోతే ఆపరేషన్ సగమే చేసినట్టు.

చేతులు, కాళ్లు

మోచేయి పైన విరిగితే ఎక్స్‌రే కంటే ముందు మణికట్టు నాడి చూడండి, వేళ్లు చాపమనండి. నాటు కట్టు బిగించి రెండు రోజుల తర్వాత తెచ్చే పిల్లలు మనకు కొత్త కాదు, కట్టు చూడగానే ముందు కోసి వదులు చేయండి, తిట్లు తర్వాత. పిండికట్టు మీరే వేసినా సరే, మందు ఇచ్చినా పిల్లాడు ఇంకా ఇంకా ఏడుస్తూ కుదురుగా ఉండకపోతే అది మారాం కాదు, లోపల ఒత్తిడి పెరుగుతోంది. బైకు చక్రం పుల్లల్లో పడిన మడమ మొదటి రోజు గీరుకుపోయినట్టే కనిపిస్తుంది, రెండు రోజులకు చర్మం నల్లబడుతుంది, బిగించి కుట్టకండి, మళ్లీ చూస్తామని తేదీ ఇవ్వండి. గడ్డి కోసే మిషన్లో వేలు తెగితే ముక్కను తడి గాజుగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి పంపండి, ఐసులో ముంచొద్దు. తొడ ఎముకకు పెద్దవాళ్లకు వేసే గట్టి రాడ్డు ఎదిగే పిల్లాడికి వేస్తే తుంటి బంతికి రక్తం ఆగే ప్రమాదం ఉంది, వయసును బట్టి పెద్ద కట్టో, వంగే సన్నటి రాడ్లో.

కథ అతక్కపోతే

ఇంకా నడక రాని పిల్లకు తొడ విరిగింది, మంచం మీంచి పడింది అంటారు. మూడు రోజుల కిందటి దెబ్బకు ఈరోజు వచ్చారు. తండ్రి ఒకటి చెబుతాడు, నాయనమ్మ ఇంకోటి. పోట్లాడకండి, ఒంటి మీద పాత మచ్చలన్నీ బొమ్మ గీసి రాయండి, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) చేయండి, పిల్లను అడ్మిట్ చేసుకోండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. లైంగిక హింస అనుమానం ఉంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద చెప్పి తీరాల్సిందే, మన ఇష్టం కాదు.

పంపాలనుకుంటే

"హయ్యర్ సెంటర్‌కు రిఫర్" అని చీటీ రాసి చేతులు దులుపుకోవడం పంపడం కాదు. ముందు ఫోను, సర్జన్ నుంచి సర్జన్‌కు. తలకు దెబ్బ ఉంటే వాళ్ల దగ్గర న్యూరోసర్జన్ ఈ రాత్రి ఉన్నాడా అడగండి. పిల్లల ఆసుపత్రి అయినంత మాత్రాన అన్నీ ఉంటాయని లేదు, కొన్నిసార్లు న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రే మేలు. పంపాలని తేల్చుకున్నాక సీటీ కోసం ఆగొద్దు, అక్కడ మళ్లీ తీస్తారు. 108లో ట్యూబు, డ్రిప్ చూసుకోగల మనిషి వెంట వెళ్లాలి, చీటీలో బరువు, ఎన్ని మి.లీ. సెలైను, ఎంత రక్తం, ఏ టైముకు ఏ మందు, చివరి పల్స్. రోడ్డు ప్రమాదమైతే 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత పథకంలో 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా వైద్యం ఉంది, నమోదైన ఆసుపత్రా కాదా అని ఆ ఫోన్లోనే అడిగి తల్లిదండ్రులకు చెప్పండి, డబ్బు భయంతో దారిలో ఇంకో చిన్న క్లినిక్ దగ్గర దిగిపోయినవాళ్లను చూశాను.

ఇంటికి పంపేటప్పుడు

స్ప్లీన్, లివర్ దెబ్బకు కోయకుండా నయమైన పిల్లాడికి గ్రేడుకు రెండు కలిపి అన్ని వారాలు ఆటలు వద్దు, గ్రేడ్ 3 అయితే ఐదు వారాలు. ఐదు వారాలు అని చెబితే ఎవరికీ గుర్తుండదు, తేదీ రాయండి: ఫలానా తేదీ దాకా క్రికెట్, సైకిల్, చెట్లెక్కడం వద్దు, బడికి వెళ్లొచ్చు. కడుపునొప్పి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, పాలిపోయినా రాత్రని చూడకుండా రావాలి. బైకు మీద పడ్డ చిన్నపిల్లయితే, నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, పిల్లను నడిపేవాళ్లకు కట్టే బెల్టు, 40 దాటని వేగం అని 2022లోనే నిబంధన వచ్చిందని నాన్నకు ఆ చీటీ ఇచ్చేటప్పుడే చెప్పండి, అప్పుడైతేనే వింటాడు.

చీటీ మాత్రం పిల్లాడి చేతికే ఇవ్వండి. మా దగ్గర ఒకడు ఎనిమిదేళ్లవాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, చెప్పిన తేదీకి ముందురోజు సాయంత్రం ఓపీకి తీసుకొచ్చి "రేపటితో అయిపోతుంది కదా సార్" అన్నాడు. వాళ్లమ్మ బ్యాటు బీరువాలో పెట్టి తాళం వేసిందట.